తెలుగులోనే చెప్పిన పాఠం

నాకు పాఠం చెప్పడం నేర్పిన మనిషే నన్ను మోసం చేసింది. ఈ మాట ఇంతకాలం మా అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ముందు ఆమె ఎంత మంచి టీచరో చెప్పాలి. అక్కడికి రాగానే మాట మార్చేస్తాను.

ఇంటర్ అయ్యాక మా నాన్న నన్ను నర్సింగ్‌లో చేర్పించాలనుకున్నాడు. ఆయన రైల్వేలో ట్రాక్‌మాన్. బోనకల్ స్టేషన్‌కు అటూ ఇటూ పట్టాల వెంట నడిచే పని. "దవాఖానా ఉన్న కాడల్లా నర్సుకు కొలువుంటది" అనేవాడు. నాకేమో చర్చిలో సండే స్కూల్ పిల్లలకు కథలు చెప్పడం తప్ప ఇంకేదీ నచ్చేది కాదు. పెద్దవాళ్ల ముందు నోరు పెగలని దాన్ని, ఆ పిల్లల మధ్య చాప మీద కూర్చుంటే మాత్రం గంటసేపు మాట్లాడేదాన్ని. అమ్మ అది గమనించింది. అడవి వైపు ఒక కాలేజీలో టీచర్ల కోర్సు ఉందని, ఇంటర్ కాగానే చేరొచ్చని చర్చికి వచ్చే ఒకామె చెబితే విని నాన్న చెవిన వేసింది.

అప్పటిదాకా మాకు తెలిసిన దారి ఒక్కటే. ముందు డిగ్రీ, తర్వాత బీఎడ్, ఆ తర్వాత పరీక్షలు. ఈ కోర్సు అట్లా కాదు. నాలుగేళ్లలో డిగ్రీ చదువూ టీచర్ చదువూ కలిపి నడుస్తాయి. పొద్దున మేం చరిత్ర నేర్చుకుంటే, మధ్యాహ్నం ఆ చరిత్రనే ఆరో తరగతి పిల్లకు ఎట్లా చెప్తావని అడుగుతారు. చెప్పలేకపోతే నీకే సరిగ్గా రాలేదని అర్థం.

ఇంటర్వ్యూ రోజు నాన్న డ్యూటీకి సెలవు పెట్టి నాతో వచ్చాడు. కొత్తగూడెం దాటాక బస్సు దిగి, టేకు చెట్ల మధ్య రోడ్డు పట్టుకుని నడిచాం. కోర్సు చూసే మేడం యాభై దాటిన మనిషి. నేత చీర, భుజానికి గుడ్డసంచి. నా మార్కుల మెమో తీసి పక్కన పెట్టి, "బడిల ఎప్పుడన్న ఏడ్చినవా బిడ్డా?" అని అడిగింది.

ఐదో తరగతిలో ఒకసారి ఏడ్చానని చెప్పాను. సార్ వరసగా ఒక్కొక్కరితో పాఠం చదివిస్తున్నాడు. నా వంతు వచ్చేసరికి ఎవరో పిలిస్తే బయటికి పోయాడు. తిరిగి వచ్చి నా తర్వాతి పిల్ల నుంచి మొదలుపెట్టాడు. నేను చదవలేదన్న సంగతి సార్ చూడలేదు, పక్కన కూర్చున్న వాళ్లు కూడా చూడలేదు. ఇంటికొచ్చి అమ్మ ఒళ్లో ఏడ్చాను. ఎందుకో అమ్మకు కూడా సరిగ్గా చెప్పలేకపోయాను.

మేడం కాసేపు నన్నే చూసి, నాన్న వైపు తిరిగింది. "ఈ పిల్ల మాకు కావాలె" అంది. నన్ను కావాలని అన్న మొదటి మనిషి ఆమే. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాన్న నర్సింగ్ మాట ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఎత్తలేదు.

మొదటి ఏడాదంతా మమ్మల్ని చాక్‌పీస్ ముట్టుకోనివ్వలేదు. వారానికోసారి చుట్టుపక్కల బడులకు పంపేవాళ్లు. తరగతిలో వెనక కూర్చోవాలి. పాఠం చెప్పే టీచర్ను కాదు, ఒక్క పిల్లను ఎంచుకుని ఆ పిల్లనే చూడాలి. ఎప్పుడు తలెత్తింది, ఎప్పుడు కిటికీ వైపు చూసింది, ఏ మాట దగ్గర పక్క పిల్లను మోచేత్తో పొడిచింది. సాయంత్రం కాలేజీ వరండాలో అందరం గుండ్రంగా కింద కూర్చునేవాళ్లం. మేడం కూడా కిందే కూర్చునేది. "ఇయ్యాల పిల్ల ఏం చేసింది?" అని ఒక్కొక్కరినీ అడిగేది. ఎవరైనా ఆ టీచర్ బాగా చెప్పలేదనో, బోర్డు మీద తప్పు రాసిందనో మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టేది. "టీచర్ సంగతి నాకొద్దు. పిల్ల సంగతి చెప్పు."

వేరే కోర్సుల పిల్లలు మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు. చాక్‌పీస్ లేని టీచర్లు అని పేరు పెట్టారు. మాకు అది గొప్పగానే ఉండేది.

ఆ ఏడాది ఒకసారి అడవి లోపలి బడిలో ఒకటో తరగతి పిల్లను చూస్తున్నాను. టీచరమ్మ ఏదో చెబుతుంటే ఆ పిల్ల లేచి నిలబడి "ఏరు" అంది. టీచరమ్మ మంచిదే. కిటికీలోంచి వాగు వైపు చెయ్యి చూపించి, "అవ్, అగో ఏరు. మంచిగ చెప్పినవ్" అని మెచ్చుకుంది. పిల్ల కూర్చోలేదు. మళ్లీ "ఏరు" అంది. టీచరమ్మ మళ్లీ మెచ్చుకుంది. పిల్ల అటూ ఇటూ చూసి కూర్చుంది. మధ్యాహ్నం బోరింగ్ దగ్గర ఆ పిల్ల దోసిలి పట్టి ఊపిరి ఆడనంతగా నీళ్లు తాగింది.

సాయంత్రం నేను ఇదంతా చెప్పాను. చెప్పాను గానీ నాకు ఏమీ అర్థం కాలేదు. అంతలో ఎదురుగా కూర్చున్న ఒక అమ్మాయి, అప్పటిదాకా వరండాలో పెద్దగా నోరు విప్పని అమ్మాయి, తల వంచుకునే అంది: "మా కోయల ఏరు అంటె నీళ్లు."

మేడం మా ఇద్దరినీ చూసి, "ఇగ మీ ఇద్దరు జంట" అంది.

అది ఆ కోర్సులో పద్ధతి. అడవి పిల్లల భాష వచ్చిన వాళ్లు ఒకరు, రాని వాళ్లు ఒకరు. ఇద్దరూ కలిసే బడికి పోవాలి, కలిసే పాఠం చెప్పాలి. నా జంటది చండ్రుగొండ అవతల కోయగూడెం. వాళ్ల నాన్న వ్యవసాయం చేసేవాడు, అన్నకు ఫారెస్ట్‌లో ఉద్యోగం. నేను ఆమె దగ్గర కోయ నేర్చుకున్నది ఎక్కువగా హాస్టల్ నల్లా దగ్గర, బట్టలు ఉతుకుతూ. నా నాలుక తిరగకపోతే ఆమె సబ్బు చేత్తోనే నోరు మూసుకుని నవ్వేది. "ఏందే, బర్రె నెమరేసినట్టు పలుకుతున్నవ్" అనేది. నేను నేర్చుకుంటున్న కొద్దీ ఆమె కూడా తరగతిలో గొంతు పెంచి మాట్లాడటం మొదలుపెట్టింది. మేడం అది చూసి నవ్వుకునేది. ఆమె కావాలనే అట్లా జంటలు కట్టేదని తర్వాత తెలిసింది.

మూడో ఏడాదిలో సగం నెలలు ఒక గుంపులో ఉండి బడి నడపాలి. అక్కడ అడవిలోని చిన్న ఊరిని గుంపు అంటారు. మాకు వచ్చిన గుంపు భద్రాచలం రోడ్డు దిగి, వాగు దాటి, ఇంకా లోపలికి నడిస్తే వస్తుంది. ఒకే గది బడి. దానికి ఉన్న సార్‌కు వేరే బడి బాధ్యత కూడా ఉండేది. వానలు పడితే వాగు దాటలేక రాడు, వానలు లేకపోతే అక్కడి పనితో రాడు. మేం పోయాక బడి రోజూ తెరవడం మొదలైంది. అంగన్‌వాడీ పక్క గదిలో పడుకునేవాళ్లం. మధ్యాహ్న భోజనం వండే అక్క మా ఇద్దరికీ పొద్దున కూడా ఏదో ఒకటి పెట్టేది. "తిను చెల్లె, కడుపు ఖాళీగుంటె పిల్లలు నీ మాట ఇంటరా" అనేది.

ఆ అక్క కూతురు రెండో తరగతి. మేం పోయిన మొదట్లో ఎన్ని రోజులైనా నోరు తెరవలేదు. పిలిస్తే వచ్చేది, చాక్‌పీస్ ఇస్తే రాసేది, మాట మాత్రం లేదు. ఒకరోజు నేను ధైర్యం చేసి కోయలో కోడి కథ చెబుతున్నాను. కోడి గుడ్లు పెట్టిందని చెప్పబోయి ఏం చెప్పానో నాకిప్పటికీ తెలియదు. ఆ పిల్ల చటుక్కున లేచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, నా మాట దిద్దింది. బడి మొత్తం పడి పడి నవ్వింది. నా జంట గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల నోరు ఆగలేదు. నాకు కోయ నేర్పే పని తనదే అనుకుంది. ప్రతి మాటకూ నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకునేది.

మా పాఠం అట్లాగే నడిచేది. వాళ్ల ఇళ్లలో చెప్పుకునే కథ వాళ్ల భాషలో మొదలవుతుంది. నా జంట చెప్పిస్తుంది. కథ అందరి నోటా ఆడాక నేను దాన్ని తెలుగులోకి తెస్తాను. అప్పుడు తెలుగు మాట వాళ్లకు కొత్త చుట్టంలా వచ్చేది కాని, పోలీసులా వచ్చేది కాదు. ఈ పోలిక మేడందే. ఆమె ప్రతి వారం వచ్చేది. చెప్పులు చేత పట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తి, వాగు దాటి వచ్చేది. అక్క వండింది పిల్లల వరసలో కూర్చుని తినేది. గుంపులో ముసలమ్మలు కూడా ఆమె వస్తే బయటికి వచ్చి పలకరించేవాళ్లు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకసారి వచ్చి మా ఇద్దరినీ పక్కకు పిలిచింది.

"వచ్చే నెల ఆఫీసర్లు వస్తరు. మీ పాఠం చూస్తరు. మంచిగ నడిస్తె ఈ బడికి పక్కా టీచర్ వస్తది. నేను మాట్లాడిన."

"నిజంగనా మేడం?" అన్నాను.

"నేను చెప్తున్న గద బిడ్డా."

ఆ సాయంత్రమే బడి వరండాలో తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పాం. సగం నా జంట చెప్పింది. మేడం మాటిచ్చిందన్న సంగతి నేనే కోయలో చెప్పాను. తప్పులతోనే చెప్పాను, ఎవరూ నవ్వలేదు. అది ఇప్పపువ్వు రాలే కాలం. తెల్లారకముందే తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని, అమ్ముకోవడానికి పువ్వు ఏరను అడవికి పోతారు. చిన్న చేతులు లేకపోతే ఏరేది తగ్గిపోతుంది. అయినా ఆ నెలంతా తల్లులు పిల్లల్ని మా దగ్గర వదిలి వాళ్లే పోయారు. టీచర్ వస్తుందట గదా అన్నారు.

ఆఫీసర్లు జీపులో వచ్చారు. వాగులో నీళ్లు అడుగంటాయి కాబట్టి జీపు నేరుగా బడి ముందుకే వచ్చింది. మేడం వాళ్ల కంటే ముందే వచ్చి మా ఇద్దరినీ వరండా చివరికి తీసుకుపోయింది.

"ఇయ్యాల మొత్తం తెలుగులనే చెప్పు" అంది నాతో. నా జంట వైపు తిరిగి, "నువ్వు వెనుక కూసో" అంది.

నా జంట ఆమె ముఖం చూసింది. "ఎందుకు మేడం? మనం గట్ల చెప్పం గద."

"ఆఫీసర్లకు సమజ్ కావాలె బిడ్డా. ఒక్క రోజే గద."

మూడేళ్లు ఆమె మాకు నేర్పిన దానికి ఆ మాట పూర్తిగా విరుద్ధం. అప్పుడు నాకు అట్లా తోచలేదు. పెద్దవాళ్లతో ఎట్లా నెగ్గుకు రావాలో ఆమెకు తెలుసు అనుకున్నాను. నా జంట చివరి వరసలో కిటికీ కింద కూర్చుంది.

కోడి కథే చెప్పాను. పిల్లలు ఉతికిన బట్టలు వేసుకుని, తలకు నూనె రాసుకుని వచ్చారు. కిటికీల దగ్గర తల్లులు నిలబడ్డారు. అక్క వంట వదిలేసి గుమ్మం దగ్గర ఉంది. నేను తెలుగులో అడిగాను, వాళ్లు తెలుగులో చెప్పారు. మధ్యలో అక్క కూతురు అలవాటు చొప్పున లేచి కోయలో మొదలుపెట్టింది. ఆఫీసర్ల వెనక నిలబడ్డ మేడం నాకు చెయ్యి ఊపింది. "తెలుగుల చెప్పు తల్లీ" అన్నాను. ఆ పిల్ల ఆగి, నన్ను చూసి, తల వెనక్కి తిప్పి నా జంటను చూసింది. తర్వాత కథ మొత్తం తెలుగులో చెప్పింది. ఒక్క తప్పు లేదు. ఆఫీసర్లు చప్పట్లు కొట్టారు. కిటికీల దగ్గర తల్లులు కూడా కొట్టారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, సంతోషంతోనే.

తర్వాత వరండాలో కుర్చీలు వేసి అందరినీ కూర్చోబెట్టారు. పెద్ద ఆఫీసర్ లేచాడు.

"మీ పిల్లలు గింత మంచి తెలుగు చదువుతరని మేం అనుకోలే. ఇగ వీళ్లకు చిన్న బడి అవసరం లేదు. వచ్చే ఏడు ఈ బడిని పెద్దూర్ల ఆశ్రమ బడిల కలుపుతున్నం. అక్కడే ఉంటరు, అక్కడే తింటరు, అక్కడే చదువుకుంటరు."

నేను తప్పు విన్నాననుకున్నాను. మేడం వైపు చూశాను. ఆమె లేచి నిలబడింది. నా వైపు చూడకుండా గుంపు వాళ్లతో అంది:

"మా అమ్మాయిలు ఇన్ని నెలలు కష్టపడి మీ పిల్లలను పెద్ద బడికి తయారు చేసిండ్రు. మీరు భయపడొద్దు."

ఆ తయారు చేసిండ్రు అన్న మాట దగ్గర అందరి తలలూ నా వైపు తిరిగాయి. నేను కూర్చున్న చోట నుంచి లేవలేకపోయాను. నా జంట లేచింది. "మేడం, మీరు మాకు గిట్ల చెప్పలే" అంది అందరి ముందే. మేడం "తర్వాత మాట్లాడుదం" అని ఆఫీసర్లతో జీపు దాకా నడిచింది. ఆ జీపులోనే ఎక్కి పోయింది. మమ్మల్ని ఆ జనం మధ్య వదిలేసి పోయింది.

ఆశ్రమ బడి వాగు అవతల, అడవి దాటాక ఉంటుంది. ఆరేళ్లు, ఏడేళ్ల పిల్లలు తల్లులను వదిలి హాస్టల్లో ఉండాలి. వానాకాలం వాగు పొంగితే చూసి రావడానికి కూడా దారి ఉండదు. గుంపు పెద్దమనుషులు మమ్మల్ని ఏమీ అనలేదు. ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. తిడితే బాగుండేది.

వంటింట్లో అక్క పొయ్యి ముందు కూర్చుని ఉంది. అన్నం మాడు వాసన వస్తోంది. ఆమె దించలేదు. నేను వెళ్లి దించాను.

"నీకు ఎరుకేనా చెల్లె?" అంది.

"లేదక్కా. ఒట్టు. నాకు ఎరుక లేదు."

ఆమె నమ్మిందో లేదో తెలియదు. పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది. "నువ్వు గింత మంచిగ చెప్పకపోతె మా బడి ఉంటుండె" అంది.

ఆ మాటలో కోపం లేదు. అదే నన్ను ఇప్పటికీ వదలదు.

మరుసటి రోజు మేం కాలేజీకి పోయాం. సాయంత్రం మేడం ఏమీ జరగనట్టే వరండాలో కింద కూర్చుంది. అందరూ గుండ్రంగా చేరారు. నా జంట వంతు వచ్చింది. మేడం ఎప్పటి గొంతుతోనే అడిగింది: "చెప్పు బిడ్డా. పిల్ల ఏం చేసింది?"

"మీరు చెప్పమన్నది చెప్పింది మేడం. గంతే" అని నా జంట లేచి వెళ్లిపోయింది. ఆ రోజు తర్వాత ఆమె ఆ వరండాలో మళ్లీ కూర్చోలేదు.

నేను మాత్రం మేడం గది దాకా వెంటపడి పోయాను. లోపలికి పోయి తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆమే మాట్లాడింది.

"కోర్సు ఎత్తేస్తమన్నరు. ఊర్ల ఉండుడేంది, అడవుల తిరుగుడేంది, దీనితోని లాభమేందని అడిగిండ్రు. లాభం చూపించాలె గద. ఆ బడి ఎట్లన్న పోయేదే. పిల్లలు తక్కువున్న బడులన్ని కలుపుతున్నరు. మీ పాఠంతోని కోర్సన్న నిలవడ్డది. ఒక బడి పోతె ఏమాయె, మీ అసొంటోళ్లు ఇంకెన్నో బడులకు పోతరు."

"పక్కా టీచర్ వస్తదన్నరు."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. "అవ్, అన్న."

"మాకు ముందే చెప్తె అయిపోయేది గద మేడం."

"చెప్తె నువ్వు ఆ పాఠం చెప్పేదానివా?"

"చెప్పకపోయేదాన్ని."

"అందుకే చెప్పలే" అంది. దాచడానికి ఏమీ ప్రయత్నించలేదు. నా ముఖం చూసి, "నువ్వు ఏడ్వకు. నీకు అందరికంటె మంచిగ వచ్చు. అందుకే నిన్ను పంపిన" అంది.

ఆ మెప్పు కోసం మూడేళ్లు ఎదురుచూసిన దాన్ని. అది అప్పుడు, ఆ గదిలో వచ్చింది. నేను ఏడ్వలేదు. నమస్కారం పెట్టి బయటికి వచ్చాను. ఆ వారం ఇంటికి పోయినప్పుడు అమ్మ కుట్టుమిషన్ ఆపి నా కథంతా విన్నది. "ఆమెను నమ్మినందుకు నువ్వు సిగ్గుపడకు. మాట తప్పింది ఆమె" అంది. నేను సిగ్గుపడుతున్నానని ఆమెకు ఎట్లా తెలిసిందో.

బడులు తెరిచే ముందు నేను, నా జంట మళ్లీ ఆ గుంపుకు పోయాం. ఎవరూ పంపలేదు, మేమే పోయాం. బడి గదికి తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే లోపల ఎరువు బస్తాలు. అక్క ఇంట్లోనే ఉంది. వంట పని పోయింది కాబట్టి కూలికి పోతున్నానని చెప్పింది. మాకు చాప వేసింది, చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టింది. నా జంటతో కోయలో మామూలుగానే మాట్లాడింది. నా దగ్గరికి వచ్చేసరికి, "నీళ్లు తాగండి మేడం" అంది తెలుగులో. కూతురు గుమ్మం వెనక నిలబడి చూసింది. పిలిచాను. తల అడ్డంగా ఊపింది.

ఆ పిల్లను జూన్‌లో ఆశ్రమ బడికి పంపారు. దసరాకు ఇంటికొచ్చి మళ్లీ పోనని మొండికేసింది. జ్వరం కూడా తెచ్చుకుంది. ఆ ఏడాది అక్క పంపలేదు. మరుసటి ఏడు పంపింది. గుంపులో కొందరు పిల్లలు అక్కడే కుదురుకున్నారు. ఇద్దరు ముగ్గురు చదువు మానేసి ఇళ్ల దగ్గరే ఉండిపోయారు. ఇవన్నీ నా జంట చెబితేనే తెలుస్తాయి. నేను మళ్లీ పోలేదు.

కోర్సు నిజంగానే నిలబడింది. మా నాలుగో ఏడాదిలో గుంపుల్లో ఉండటం తీసేశారు. ఆడపిల్లలకు రక్షణ లేదన్నారు. జంటలు కట్టడం పోయింది, ఎవరికి వాళ్లే టౌన్ బడులకు పోయి పాఠాలు చెప్పి రావడం మొదలైంది. మా జూనియర్లకు మొదటి ఏడాదిలోనే చాక్‌పీస్ ఇచ్చేశారు. వరండాలో కూర్చోవడం నెలకొకసారైంది, తర్వాత అదీ లేదు. ఆ చదువును మిగతా వాటికంటే వేరు చేసింది ఏదైతే ఉందో అది ఒక్కొక్కటే పోయింది. ఇప్పుడు ఎవరైనా ఆ కోర్సు ప్రత్యేకత ఏమిటని అడిగితే, ఒక ఏడాది కలిసొస్తుందని చెబుతారట. ఆమె మా పాఠాన్ని అమ్మి కాపాడుకున్నది ఇదే.

నేను డీఎస్సీ రాసి టీచర్నయ్యాను. మధిర వైపు ఒక ప్రైమరీ బడిలో పని. నా జంటకు చండ్రుగొండ దగ్గర్లోనే వచ్చింది. పొద్దున బడి కోయతో మొదలుపెడుతుంది, ఎవరు ఏమన్నా వినదు. నేను ఇప్పటికీ ప్రతి రోజూ తరగతిలో ఒక పిల్లను ఎంచుకుని చూస్తాను. ఎవరి వంతూ దాటిపోకుండా చూస్తాను. ఇది ఎవరు నేర్పారో గుర్తొచ్చినప్పుడు చేతిలో చాక్‌పీస్ బరువవుతుంది. వేరే విధంగా పాఠం చెప్పడం నాకు రాదు.

ఈ మధ్య నా జంట ఫోన్ చేసి, ఆశ్రమ బడిలో ట్రైనింగ్‌కు పోతే అక్క కూతురు కనబడిందని చెప్పింది. హైస్కూల్‌కు వచ్చిందట, ఎత్తు పెరిగిందట. నా జంట కోయలో పలకరిస్తే తెలుగులో జవాబు చెప్పిందట. మళ్లీ కోయలో అడిగితే మళ్లీ తెలుగులోనే చెప్పిందట. "మంచి తెలుగే" అంది నా జంట.

మేడంను పోయిన ఎండాకాలం ఖమ్మం బస్టాండ్‌లో చూశాను. రిటైరైంది. కంటి దవాఖానాకు వచ్చి కొత్తగూడెం బస్సు కోసం ఒక్కతే కూర్చుని ఉంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుంది. నేను తప్పుకుని పోవచ్చు. ఆమెకు కనబడి ఉండేదాన్ని కాదు. ఎందుకో పోయి ఎదురుగా నిలబడ్డాను. గొంతు వినగానే గుర్తుపట్టింది. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"టీచర్వయినవట గద. విన్న. మంచిగ చెప్తున్నవా?"

"చెప్తున్న మేడం."

"ఇంకా కోపంగున్నవా నా మీద?"

"అవ్ మేడం" అన్నాను.

ఆమె తల ఊపింది. "నీ జంట ఎట్లుంది?" అని అడిగింది.

"మంచిగుంది."

"నా సంగతి అడుగుతదా?"

"అడగదు మేడం."

ఆ మాటకు ఆమె చెయ్యి నా చేతిలోంచి జారింది. క్షమించమని అడుగుతుందేమో అనుకున్నాను. అడిగితే ఏం చెప్పాలో కూడా లోపల వెతుక్కుంటున్నాను. ఆమె అడగలేదు. "కోర్సు పోయి ఉంటె మీరు కూడా మధ్యల ఆగిపోయేటోళ్లు బిడ్డా" అంది మెల్లగా. అది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

బస్సు వచ్చింది. ఆమెకు మెట్లు సరిగ్గా కనబడటం లేదు. సంచి నేను తీసుకుని, మోచెయ్యి పట్టి ఎక్కించి, కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టాను. సంచి ఒళ్లో పెట్టాను. నీళ్ల సీసా ఉందా అని అడిగితే ఉందంది. కిందికి దిగి నిలబడ్డాను. బస్సు కదిలేదాకా ఆమె నేను ఏ వైపు ఉన్నానో తెలియక అటూ ఇటూ తల తిప్పింది. నేను పిలవలేదు.